బావ ఎద్దులతో చెప్పిన మాటలు

మా బావ పోయాడని మొన్న పొద్దున ఆయన కొడుకు వచ్చి చెప్పాడు. నేను వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతున్నాను. వాడు మోపెడ్‌ను గోడకు ఆనించి, "చిన్నమ్మా, బాపు పోయిండు. దవాఖానల్నే పానం పోయింది. ట్రాక్టర్ తీస్కపోయి తెచ్చుకోవాలె, నువ్వు గూడ రావాలె" అన్నాడు. చేట కింద పెట్టి లేచాను. ఏడుపు వెంటనే రాలేదు, ముందు కోపం వచ్చింది. వారం కింద జనగామ దవాఖానకు పోయి చూసినప్పుడు మనిషి బాగానే ఉన్నాడు. పప్పులో ఉప్పు తక్కువైందని గోడతో చెప్పుకుంటున్నాడు.

గోడతో అని ఎందుకన్నానో చెప్పాలి. బావ అంటే నా భర్తకు అన్న. మా ఇంట్లో తమ్ముడి భార్యతో అన్న నేరుగా మాట్లాడడు. ఆమె కూడా ఆయన ముందు నోరెత్తదు, ఎదురుపడితే కొంగు సవరించుకుని పక్కకు తప్పుకుంటుంది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ మాకు అదే మర్యాద. చెప్పక తప్పని మాట ఏదైనా ఉంటే మధ్యలో మా అత్త ఉండేది. అత్త లేనప్పుడు బావకు ఎద్దులుండేవి.

కాడికి కుడివైపు కట్టేది ఎర్రోడు, ఎడమవైపు కట్టేది మైలోడు. కొట్టం దగ్గర నిలబడి, "ఎర్రోడా, నీళ్ళు కాగినయా బిడ్డా?" అని బావ అడిగితే ఆ మాట నాకు. నేను పొయ్యి వైపు తిరిగి, "కాగినయి, తోడుడే ఆలస్యం" అని పొయ్యితో అనేదాన్ని. ఎద్దుకు చెప్పేదేదో నాకు చెప్పేదేదో తెలుసుకోవడానికి కొత్తలో తికమక పడ్డాను. తర్వాత ఆనవాలు దొరికింది. మాట చివర 'బిడ్డా' ఉంటే నాకు. లేకపోతే ఎద్దుకు. ఒకసారి "మైలోడా, కుడితి తాగు" అని ఆయన గదమాయిస్తే నేను హడలిపోయానని అత్త ఊరంతా చెప్పి నవ్వించింది.

మాది లింగాల ఘనపూర్ పక్కన పల్లె. బావకు వ్యవసాయం కొంత, బండ్ల వైద్యం ఎక్కువ. ఎవరి బండి మొరాయించినా మా వాకిట్లోకి వచ్చేది. బండి ఎడమకు గుంజుతున్నదని ఒకరు, కాడి ఎద్దుల మెడలను ఒరుస్తున్నదని ఇంకొకరు. బావ వెంటనే బండిని ముట్టుకునేవాడు కాదు. ఖాళీ బండిని తోలమని, వెనకాలే నడుస్తూ దుమ్ములో పడ్డ చక్రాల జాడ చూసేవాడు. తర్వాత ఎద్దులను విప్పించి కాడి కింద రెండు వేళ్ళు పెట్టి ఎత్తేవాడు. వేళ్ళ మీద లేచిందా, బరువు కుదిరినట్టు. లేవకపోతే బరువంతా ముందుకు వచ్చి ఎద్దుల మెడల మీద పడుతున్నట్టు. ఈలోపు ఆ రైతు ఎద్దును తిట్టాడో, రైతుకు మూడినట్టే. "ఎద్దు తప్పేందిర? ఇరుసు వంకర పెట్టుకొని ఎద్దును కొడ్తె సక్కగ పోతదా?" అని అందరి ముందు కడిగేసేవాడు. నెమ్మదిగా మాట్లాడే అలవాటు ఆయనకు పుట్టుకతోనే లేదు. తాను బాగుచేసిన బండికి ఇంకొకరు సుత్తి తగిలించారని తెలిస్తే మళ్ళీ ఆ బండి మొహం చూసేవాడు కాదు.

ఆఖరి పరీక్ష చెంబుది. ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పోసి, బండి నడుమ పెట్టి, దున్నిన చేను మీద నుంచి తోలేవాడు. దిగి చూసేవాడు. నీళ్ళు ముందుకు ఒలికితే ఒక మరమ్మతు, పక్కకు ఒలికితే ఇంకో మరమ్మతు. "నోటితోని అబద్ధమాడొచ్చు గని చెంబుతోని ఆడలేం" అనేవాడు. మా అత్తకు మాత్రం ఆ చెంబు సొట్టలు పోతున్నదనే బాధ.

మా సొంత బండి కచ్చురం. అంటే మనుషులు కూర్చుని పోయే గూడు బండి. జనగామలో ఒక సేటు ఇంటి వెనక మూలకు పడి ఉంటే తెచ్చి, ఏడాది పాటు దాంతోనే కాపురం చేసి నిలబెట్టాడు. దానికి కమాన్లుండేవి. ఇనుప పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి, విల్లులా వంచి, ఇరుసుకూ బండికీ మధ్యన అటొకటి ఇటొకటి బిగిస్తారు. గుంతలో చక్రం పడ్డా కుదుపు మనిషి దాకా రాకుండా అవి మింగుతాయి. ఆ బండిని చూసుకుని బావకు ఉన్న మిడిసిపాటు అంతా ఇంతా కాదు. పెళ్ళిళ్ళకు అడిగితే సవాలక్ష షరతులు పెట్టేవాడు.

అప్పుడు ఊళ్ళల్లో పోరాటం నడుస్తున్న రోజులు. పగలు పోలీసులు, రజాకార్లు. పొద్దుగూకితే దళాలు. నా భర్త దళంలోకి పోయాడు. బావ సంఘంలో లేడు, తమ్ముడు పోవడం ఆయనకు ఇష్టమూ లేదు. తమ్ముడు పోయిన నాడు కొట్టంలో, "మైలోడా, ఒక ఎద్దు తాడు తెంపుకపోయింది, ఇగ రెండో ఎద్దు ఒక్కతే గుంజాలె" అని గొణుక్కోవడం విన్నాను. చివర 'బిడ్డా' లేదు. అది నాకు చెప్పింది కాదు. అయినా పొయ్యి ముందు కూర్చుని బాగా ఏడ్చాను.

నాకు నెలలు నిండుతుండగా కబురు వచ్చింది. కాల్పుల్లో నా భర్త తొడలో తూటా దిగింది, ఎముక కూడా విరిగింది. చెలకల్లో, మెట్ట చేల నడుమ ఒక గుడిసెలో దాచారు. జ్వరం మొదలైంది. తూటా తీయగలిగిన మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కతే. మిషన్ దవాఖానలో పనిచేసి వచ్చిన నర్సమ్మ. ఆమె ఉండేది జనగామ బాట దాటి అవతలి పల్లెలో. మధ్యన బాట మలుపులో పోలీసు క్యాంపు. చీకటి పడ్డాక కదిలిన బండి మీద కాల్పులే. పోతే పట్టపగలు, క్యాంపు ముందు నుంచే పోవాలి.

నిండు చూలాలిని కాన్పుకు నర్సమ్మ దగ్గరికి తీసుకుపోతున్నామని చెబుదామని అత్త అంది. చూలాలిని నేను. బండి బావది. గడ్డి కింద తమ్ముడు.

అది వినగానే బావ ఎవరితోనూ మాట్లాడకుండా కచ్చురం కిందికి దూరాడు. ఆయన అవస్థ ఏమిటో నాకు తర్వాత అర్థమైంది. విరిగిన ఎముకతో ఉన్న మనిషిని ఆ బాట మీద తీసుకుపోవాలంటే కమాన్లు మెత్తగా ఉండాలి. మెత్తగా ఉంటే బరువుకు వంగుతాయి. వంగితే లోపల ఒక్క ఆడమనిషే కాదు, ఇంకెవరో కూడా ఉన్నారని కమానే చెప్పేస్తుంది. వంగకుండా గట్టిగా బిగిస్తే కుదుపులకు మనిషి అరుస్తాడు. అరిచినా దొరుకుతాడు. పైగా ఆ క్యాంపు జమేదారు పోలీసుల్లో చేరకముందు గుర్రపు టాంగా తోలినవాడని ఊళ్ళో అందరికీ తెలుసు. కమాన్లు ఎట్లా వంగుతాయో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

బావ ముందుగా రెండు కమాన్ల నుంచీ చెరో పట్టీ తీసేశాడు. తమ్ముడి తొడ ఎక్కడ ఆనుతుందో అక్కడ చెంబు పెట్టి దున్నిన చేను మీద తోలాడు. చెంబు తొణకలేదు. తర్వాత తుమ్మ మొద్దు ఒకటి తీసుకుని చెక్కుతూ కూర్చున్నాడు. కొంచెం చెక్కడం, ఎడమ కమాను కింద దూర్చి చూడడం, మళ్ళీ తీసి చెక్కడం. "ఎర్రోడా, బండెక్కి కుడిదిక్కు కూసో బిడ్డా" అన్నాడు. ఎక్కి కూర్చున్నాను. "దిగు బిడ్డా." దిగాను. ఎందుకు ఎక్కమంటున్నాడో, ఎందుకు దిగమంటున్నాడో ఎవరూ నాకు చెప్పలేదు. ఆచారం ప్రకారం ఆయన చెప్పడు, నేను అడగను.

ఆయన లెక్క ఇదీ. ఎడమ కమాను విరిగిందని, అందుకే చెక్క పెట్టామని చెప్పాలి. విరిగిన కమానుకు చెక్క పెట్టి నెట్టుకురావడం బండి ఉన్నవాళ్ళంతా చేసే పనే. చెక్క ఉన్న పక్కన ఎంత బరువు పెట్టినా బండి కిందికి దిగదు. అందుకే తమ్ముడిని ఆ పక్కన పడుకోబెట్టాలి. కుడిపక్క కమాను మాత్రం మామూలుగా వంగుతుంది. ఆ పక్కన నేను ఒక్కదాన్నే కూర్చుంటే ఎంత వంగుతుందో సరిగ్గా అంత ఎత్తుకు చెక్కను చెక్కాడు. నేను కుడివైపు ఉన్నంతసేపు బండి తక్కెడ కాడలా సమంగా ఉంటుంది.

పొద్దెక్కాక బయలుదేరాం. చెలకల్లో నా భర్తను ఎక్కించుకుని ఎడమపక్కన పడుకోబెట్టి, మీద గడ్డి, గడ్డి మీద బొంత పరిచాం. ముఖం దగ్గర గాలికి కొంచెం సందు. క్యాంపుకు ముందు వచ్చే వాగు దాకా చెక్క పెట్టలేదు. మెత్తటి కమాన్ల మీద బండి నీళ్ళ మీద పోతున్నట్టే పోయింది. ఆయన మూలుగు కూడా వినబడలేదు. నిద్రపోయాడనుకున్నాను.

వాగు దాటాక బావ బండి ఆపాడు. కిందికి దూరి సుత్తితో ఎడమ కమాను కింద చెక్క దిగగొట్టాడు. లేచి, గూడు వైపు చూడకుండా, "మైలోడా, క్యాంపు దాటేదాక జర ఓర్సుకోవాలె" అన్నాడు. అది తమ్ముడికి. నోట్లో కుక్కుకొమ్మని తన తువ్వాల చుట్టి గడ్డిలోకి తోశాడు.

అక్కడి నుంచి ప్రతి రాయీ లోపలికి తెలిసింది. ఎడమ చక్రం గుంతలో పడ్డప్పుడల్లా గడ్డి కింద ఒళ్ళు బిగుసుకోవడం బొంత మీది నుంచి నాకు కనబడుతున్నది. కాసేపటికి గడ్డిలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి తడుముకుంటున్నది. నా చెయ్యి కోసం. నేను కుడివైపు నుంచి ఎడమవైపుకు జరిగి ఆ చేతిని పట్టుకుని గడ్డిలోనే దాచాను. కాలిపోతున్నది. నాకు అప్పుడు బండి లేదు, కమాను లేదు, ఆ చెయ్యి ఒక్కటే ఉంది.

ముందు నుంచి బావ గొంతు వినబడింది. "ఎర్రోడా, నీ దిక్కుకు జరుగు." మళ్ళీ, "ఏయ్ ఎర్రోడా, జరుగుమంటే నీకే! కుడికి జరుగు!" ఆ కంగారులో 'బిడ్డా' మరిచిపోయాడు. ఎద్దు బాట తప్పుతున్నది కాబోలు అనుకుని నేను కదలలేదు. ఇంకెవరి ఇంట్లోనైనా అయితే మనిషి వెనక్కి తిరిగి, అమ్మా అటు జరుగు అని చెప్పి ఉండేవాడు.

"గాడీ రోకో!" అని క్యాంపు ముందు నుంచి కేక.

బండి ఆగింది. బావ దిగి, చూలాలని, కాన్పని, నర్సమ్మ అని చెబుతున్నాడు. జమేదారు గూడు తెర తొలగించి నా వైపు చూశాడు. నా పొట్ట చూసి తెర వదిలేశాడు. నేను చేతిని గడ్డిలోకి తోసి వదిలేశాను. పొమ్మంటాడనుకున్నాను. అతను పోలేదు. వెనక్కి నాలుగడుగులు వేసి నిలబడి, బండిని వెనక నుంచి చూస్తున్నాడు.

"బండి ఎడమదిక్కు ఒరిగిందేంది?"

"బాట ఎత్తువంపులున్నది జమేదార్ సాబ్."

"బాట సాపుగనే ఉన్నది. ఆమెను దిగమను."

నేను దిగాను. చక్రం పట్టుకుని నిలబడి అప్పుడు చూశాను. నేను దిగినా బండి ఎడమవైపుకే ఒరిగి ఉంది. ఆ పక్కన కూర్చున్నది నేనే అయితే, దిగాక బండి సమం కావాలి. కాలేదు. కుడిపక్క ఇంకాస్త పైకి లేచి ఉంది. జమేదారు లాఠీ తిప్పి పట్టుకుని గూడు వెనక్కి నడిచాడు. లాఠీ కొనను బొంత మీద పెట్టాడు. అప్పుడు నాకు పొద్దుటి ఎక్కడం దిగడం, ఎర్రోడా కుడికి జరుగు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. అర్థమై ఏం లాభం?

అప్పుడు బావ నా వైపు తిరిగాడు. నా ముఖంలోకి చూశాడు. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చాక ఆయన కళ్ళు ఏ రంగో నేను చూడడం అదే మొదలు.

"నీకు చెవులున్నయా, లేవానే?" అని అరిచాడు. "ఎడమ కమాను ఇరిగింది, ఆ దిక్కు చెక్క పెట్టిన, కుడిదిక్కు కూసో అని పొద్దుగాలటి సంది మొత్తుకుంటున్న! పొయ్యి పొయ్యి ఇరిగిన దాని మీదనే కూసుంటవా? నా బండి నాశనం జేస్తివి గదనే! ఎక్కు! కుడిదిక్కు కూసో!"

నడిబాట మీద, పరాయి మగవాళ్ళ ముందు, నిండు చూలాలైన తమ్ముడి భార్యను బావ 'లేవానే' అని అరవడం! నాకు ఎక్కడి నుంచి వచ్చిందో ఏడుపు వెక్కి వెక్కి వచ్చింది. నటన కాదు. అంత అవమానం నేను ఎన్నడూ పడలేదు. జమేదారు కూడా తెల్లబోయాడు. మన ఇళ్ళ సంగతి తెలిసినవాడే కదా. లాఠీ బొంత మీది నుంచి తీసి, "అరే, ఆడమనిషి, గట్ల మొత్తుకుంటవేంది?" అన్నాడు.

"మొత్తుకోక? చెక్క పగిల్తె మల్ల తుమ్మ మొద్దు నువ్విస్తవా?"

జమేదారు వంగి ఇరుసు కింద చూశాడు. లాఠీతో చెక్కను తట్టాడు. పాత టాంగావాడు లేచాడు అతనిలో. "ఒక్క దిక్కే పెట్టినవేంది? పట్టీ ఇరిగితే రెండుదిక్కుల చెక్క పెట్టాలె" అన్నాడు.

ఆ క్షణంలో ఎవరైనా ఏం చేస్తారు? అవును సాబ్ అని దండం పెట్టి బండెక్కుతారు. మా బావ వాదం పెట్టుకున్నాడు. "రెండుదిక్కుల పెడ్తె అది కమాన్ బండి ఎట్లయితది, గడ్డి బండి అయితది! గుర్రమైతె గుంజుతది గని ఎద్దుల మెడలు పుండు గావా?" తమ్ముడు మూరెడు దూరంలో గడ్డి కింద ఊపిరి బిగబట్టి ఉన్నాడు, ఈయన చెక్క గురించి పోలీసుతో పోట్లాడుతున్నాడు. అది ఎత్తుగడో, బండి మాట వస్తే ఊరుకోలేని ఆయన గుణమో నాకు ఇప్పటికీ తెలియదు. రెండూ అయి ఉంటాయి.

నేను ఏడుస్తూనే ఎక్కి కుడివైపు కూర్చున్నాను. కుడి కమాను నెమ్మదిగా దిగింది. బండి సమమైంది. జమేదారు మళ్ళీ వెనక్కి పోయి నిలబడి చూశాడు. ఒక కన్ను మూసి కూడా చూశాడు.

"గిప్పుడు సక్కగైంది" అన్నాడు. "పో. ఆమెను తిట్టకు, పురిటి మనిషి."

మలుపు దాటి, మోదుగ చెట్ల చాటున బండి ఆపి బావ కిందికి దూరాడు. చెక్క రావడం లేదు, బిగుసుకుపోయింది. సుత్తి దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి. చెక్క తీసుకుని బయటికి వచ్చాడు. ఎర్రోడి మెడ మీద చెయ్యి వేసి, నాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

"ఎర్రోడా, నోరు జారింది. మనసుల పెట్టుకోకు బిడ్డా" అన్నాడు.

జవాబు చెప్పడానికి నా దగ్గర పొయ్యి లేదు. గడ్డిలో చెయ్యి పెట్టి నా భర్త చేతిని వెతికి పట్టుకున్నాను. ఈసారి కుడివైపు నుంచే, చెయ్యి చాచి.

నర్సమ్మ తూటా తీసింది. ఎముక వంకరగా అతుక్కుంది. నా భర్త కుంటుతూనే పొలం చేశాడు, పిల్లలను పెంచాడు, నాకు అక్షరాలు నేర్పాడు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నది అందుకే. ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఆయనతో నాకు దొరికిన బతుకంతా ఆ మలుపు అవతల మొదలైందే. అది ఇచ్చింది బావ.

ఆ తర్వాత బావ నాతో నేరుగా ఎప్పుడూ మాట్లాడలేదు. కాలం మారింది, బావ భార్య, మా తోడికోడలు పోయింది, అత్త పోయింది, ఎద్దులూ పోయాయి. కొట్టం ఉన్నచోట ట్రాక్టర్ వచ్చింది. అయినా ఆ పేరు పోలేదు. కొట్టం గుంజతోనో, ట్రాక్టర్ చక్రంతోనో, "ఎర్రోడా, మోకాళ్ళ నొప్పులు తగ్గినయా బిడ్డా?" అని అడిగేవాడు. ట్రాక్టర్‌కు మోకాళ్ళేంది తాతా అని మనవలు విరగబడి నవ్వేవారు. నేను చేటతో చెప్పేదాన్ని, జర నయమే అని. ఆ పొద్దు జరిగినదాని గురించి మాత్రం ఇద్దరం ఎవరితోనూ, దేనితోనూ అనలేదు. మనసులో పెట్టుకోలేదని ఆయనకు చెప్పాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఆ మాట చేటతో చెప్పేది కాదు.

వారం కింద దవాఖానలో పప్పు సంగతి అయ్యాక సెలైన్ సీసా వైపు చూస్తూ, "ఎర్రోడా, పొద్దు గూకుతున్నది, బస్సు దొరకదు, ఇంటికి పో బిడ్డా" అన్నాడు. సరేనని సీసాతోనే చెప్పి వచ్చేశాను.

మొన్న జనగామ నుంచి ఆయన్ను ట్రాక్టర్ ట్రాలీలో తెచ్చాం. గడ్డి పరిచి, బొంత వేసి పడుకోబెట్టారు. ట్రాలీ ఇరుకు. ఆయన్ను ఎడమపక్కకు జరిపారు. ఆడవాళ్ళంతా తలాపున చేరారు. "చిన్నమ్మా, ఈడికి రా, బాపు తలకాడ కూసో" అని కొడుకు చెయ్యి అందించాడు. నేను పోలేదు. ఖాళీగా ఉన్న కుడివైపుకు పోయి, ట్రాలీ గోడకు ఆనుకుని కూర్చున్నాను.

ట్రాక్టర్ కదిలింది. ట్రాలీకి కమాన్లు ఎక్కడివి, ప్రతి గుంతా తెలుస్తున్నది. పాత క్యాంపు మలుపు దగ్గర పెద్ద గుంతలో పడి అందరం ఎగిరి పడ్డాం. ఆయన ముఖం మీది తువ్వాల పక్కకు తొలిగింది. నేను సర్దడానికి చెయ్యి చాచి, కొంగు నెత్తి మీదికి లాక్కోకుండా, ఆ ముఖంలోకి చూశాను.

"కుడిదిక్కే కూసున్న బావా" అన్నాను.